ఇంటిపేరులో ఒక అక్షరం

ఇంటిపేర్ల వర్ణక్రమాన్ని గురించిన చర్చ పండితుల కాలక్షేపమని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. అమెరికన్ నవలాకారుడు నెథానియల్ హాథార్న్ పేరే ఇందుకు నిదర్శనం.

1804లో సేలం పట్టణంలో పుట్టినప్పుడు ఆయన ఇంటిపేరు హేథార్న్. ఇరవయ్యేళ్లు దాటాక అందులో ‘డబ్ల్యు’ అనే అక్షరం చేర్చుకుని హాథార్న్ అయ్యాడు. ఉచ్చారణ కోసమని కొందరంటారు. ఆ వంశచరిత్ర తెలిసినవాళ్లకు ఆ సమాధానం చాలదు. 1692లో అదే సేలంలో మంత్రగత్తెలన్న నెపంతో పట్టుకొచ్చిన వాళ్లను విచారించిన న్యాయాధికారుల్లో జాన్ హేథార్న్ ఒకడు. రచయితకు ముత్తాత తండ్రి. ఆ విచారణల ఫలితంగా 19 మందిని ఉరితీశారు. ఒక వృద్ధుణ్ణి రాళ్ల బరువు కింద నలిపి చంపారు.

ఈ చరిత్రను హాథార్న్ దాచలేదు. 1850లో ‘ది స్కార్లెట్ లెటర్’ నవలకు రాసిన ముందుభాగంలో పూర్వీకుల తరఫున సిగ్గును తానే మోస్తానన్నాడు. 1851లో వచ్చిన ‘ది హౌస్ ఆఫ్ ది సెవెన్ గేబుల్స్’లో కర్నల్ పిన్‌చెన్ ఒక సామాన్యుణ్ణి మంత్రగాడిగా ఉరికెక్కించడానికి తోడ్పడి, అతని భూమిని కాజేస్తాడు. మూఢనమ్మకం వెనక ఉన్న ఆస్తి ప్రయోజనాన్ని పట్టుకోవడం రచయితగా ఆయన సాధించిన విజయం. విచిత్రమేమిటంటే, ఒక్క అక్షరం తేడాతో అదే ఇంటిపేరున్న వాళ్లు తమ వంశాన్ని కించపరిచాడని ఆయనకు ఉత్తరాలు రాశారు!

అయితే 1852లో మిత్రుడు ఫ్రాంక్లిన్ పియర్స్ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు హాథార్న్ అతని జీవితచరిత్ర రాశాడు. బానిసత్వం మనుషుల ప్రయత్నంతో పోయేది కాదని, దైవసంకల్పం వల్ల కాలక్రమంలో అదే మాయమవుతుందని అందులో వాదించాడు. మరుసటి ఏడే లివర్‌పూల్‌లో కాన్సల్ ఉద్యోగం దొరికింది. నూటయాభై ఏళ్ల కిందటి పాపానికి సిగ్గుపడ్డవాడు కళ్లెదుటి పాపాన్ని దేవుడికి వదిలేశాడు.

1953లో ఆర్థర్ మిల్లర్ రాసిన ‘ది క్రూసిబుల్’ నాటకంలో జడ్జి హేథార్న్ పాత ఇంటిపేరుతోనే రంగస్థలం ఎక్కాడు. అవి అమెరికాలో కమ్యూనిస్టుల వేట సాగుతున్న రోజులు. 1956లో చట్టసభ కమిటీ అడిగినా మిల్లర్ తోటి రచయితల పేర్లు చెప్పలేదు. 1957లో శిక్ష పడింది. 1958లో పైకోర్టు దాన్ని కొట్టేసింది.

ఇంటిపేరు మార్చుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. కులాన్ని చెప్పే తోకను పేరునుంచి తీసేసినవాళ్లు మనలోనూ ఉన్నారు. తాతల న్యాయపీఠాన్ని నిరసించిన రచయిత, తన కాలపు న్యాయపీఠం ముందు ఏం మాట్లాడాడన్నదే ఆ మార్పుకు గీటురాయి.