శామీరుపేటకు వచ్చిన విద్యార్థులు



సికింద్రాబాదు విడిచి కరీంనగరము పోవు పెద్దబాటపై వచ్చువారికి శామీరుపేట చెరువును, అది దాటిన పిమ్మట మా అలియాబాదును కనబడును. ఈ ప్రాంతమున నేడు విశ్వవిద్యాలయములును ఔషధ పరిశోధనశాలలును వెలసినవి. భుజమున సంచియు చేత ప్రశ్నపత్రమును గల విద్యార్థులు మా వీధులలో తఱచుగా కానవచ్చుచుందురు. "తాతా, మీ యింట ఎందఱు? నీరెక్కడినుండి తెచ్చుకొందురు?" అని యడుగుదురు. మావారు చెప్పుదురు. వారు వ్రాసికొని పోవుదురు. ఈ వాడుక నిన్నమొన్న పుట్టినదని మనలో పలువురు తలంచుచున్నారు. కాని దీనికి డెబ్బదియేండ్లకు పైబడిన చరిత్ర మా పొరుగుననే కలదు. ఆ చరిత్రను, అందు తీరక నిలిచిన యొక బాకీని మీకు విన్నవించెదను.

ముందుగా కొంత వెనుకకు పోవలయును. 1915లో గిల్బర్టు స్లేటరను ఆంగ్లేయుడు మదరాసు విశ్వవిద్యాలయమునకు అర్థశాస్త్రాచార్యుడై వచ్చెను. విద్యార్థులు ఇంగ్లండు మిల్లులను గూర్చి కంఠస్థము చేయుదురే కాని తమ యూరి కౌలుదారు పండించినదానిలో ఎంత మిగుల్చుకొనునో ఎఱుగరని ఆయన గ్రహించెను. సెలవులకు ఇండ్లకు పోవు విద్యార్థుల చేతికి ప్రశ్నల పట్టికలనిచ్చి, భూమి ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎంత, వడ్డి ఎంత అని విచారించి రమ్మనెను. వారు తెచ్చిన విషయములతో 1918లో దక్షిణదేశ గ్రామములను గూర్చి యొక గ్రంథము వెలువడెను. సుమారు ఇరువదియేండ్లకు పిమ్మట అదే విశ్వవిద్యాలయమువారగు థామసు, రామకృష్ణన్ గార్లు ఆ గ్రామములనే మరల పరిశీలింపజేసి, 1940లో ఫలితములను ప్రకటించిరి. తండ్రి వ్రాయించిన లెక్కను కొడుకు సరిచూచుకొన్నట్లాయెను. నిజాము రాజ్యముననో, కేశవయ్యంగారను అర్థశాస్త్రపండితుడు 1929-30 నాటి గ్రామస్థితిని విచారించి గ్రంథస్థము గావించెను.

ఇక మా పొరుగు కథ. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో ఏర్పడినది. అందు బోధన యంతయు ఉర్దూలో జరిగెడిది. దేశభాషలో ఉన్నతవిద్య గఱపుట ఆనాటికి గొప్ప సాహసమే, కాదనను. కాని తెలంగాణపు రైతు ఇంటిలో పలుకు భాష అది కాదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున చేరిన పిమ్మట బోధన ఇంగ్లీషునకు మాఱినది. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చెను. తెలుగు మాత్రము విశ్వవిద్యాలయపు గడపకు వెలుపలనే నిలిచినది. ఈ మాటను జ్ఞప్తియందుంచుకొనుడు. దీనితో మరల పనిబడును.

1951వ సంవత్సరము ఎట్టిదో పెద్దలు ఎఱుగుదురు, లేదా తమ పెద్దలవలన వినియుందురు. జాగీరులు 1949లో రద్దయినవి. ఆ యేడు ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబాజీకి నూఱెకరములు దానము చేసిరి. దేశమున మొదటి సాధారణ ఎన్నికలు రానుండెను. ఆ కాలముననే ఉస్మానియావారు సాంఘికసేవా విస్తరణ ప్రణాళికయను పేర శామీరుపేటను తమ కార్యక్షేత్రముగ నెన్నుకొనిరి. వ్యవసాయము, పశువైద్యము, వైద్యము, విద్య మున్నగు శాఖలవారు జట్లుగా గ్రామమునకు వచ్చిరి. వ్యవసాయ కళాశాలయు పశువైద్య కళాశాలయు నాడు ఉస్మానియాకు లోబడియే యుండినవి. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయము వెలసిన పిమ్మటనే అవి వేఱుపడినవి. అందుచే ఒకే విశ్వవిద్యాలయపు గొడుగు క్రింద మందునిచ్చువాడు, ఎద్దునకు సూదివేయువాడు, విత్తనమును గూర్చి చెప్పువాడు ఒక్క యూరికి కలిసి రాగలిగిరి. ప్రభుత్వపు సమాజాభివృద్ధి పథకము 55 కేంద్రములలో ఆరంభమైనది 1952 అక్టోబరు 2వ తేదీన. శామీరుపేటలో పని అంతకుముందే మొదలైనది.

వచ్చినవారిలో ఊరికి ఏమిచ్చుటకును గాక ఊరిని తెలిసికొనుటకే వచ్చినవారును గలరు. వారికి పెద్ద శ్యామచరణ దుబేగారు. 1922లో మధ్యప్రదేశపు సివనీలో జన్మించినవారు. అప్పటికి ముప్పది నిండలేదు. ఆయన 1951-52లో ఇక్కడ సేకరించిన విషయములు 1955లో లండనునగరమున 'ఇండియన్ విలేజ్' అను గ్రంథముగ వెలువడినవి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయాచార్యుడు మారిస్ ఆప్లరుగారు దానికి పీఠిక వ్రాసిరి. ఒక్క భారతగ్రామమును ఆద్యంతము వర్ణించిన తొలి గ్రంథములలో నది యొకటియని పండితులెల్లరు గౌరవింతురు.

అందేమున్నది? కులములు, వృత్తులు, కుటుంబములు, పండుగలు, తిండి, బట్ట, పోచమ్మ కొలువు, హిందువులును ముసల్మానులును ఒకే యూర మెలగు తీరు, దేశముఖు, పటేలు, పట్వారీల అధికారము, నాడప్పుడే మొదలైన మార్పులు — అన్నియు గలవు. పటేలు పట్వారీ పద్ధతి 1984లో పోయినది. నా శిష్యులలో చిన్నవారికి ఆ పేర్లే వింత. ఆ యధికారము ఒక యూరిలో ఎట్లు నడిచెనో తెలిసికొనగోరువారికి ఆ పుస్తకము నేటికిని ఆధారము. గ్రామమున మనుష్యుని స్థాయిని నిర్ణయించునవి ఆఱని దుబేగారు లెక్కించిరి: మతమును కులమును ఒకటి, భూమి రెండవది, ధనము మూడవది, సర్కారు కొలువులోను గ్రామపు కట్టుబాటులోను గల స్థానము నాలుగవది, వయస్సు ఐదవది, వ్యక్తి గుణములు ఆఱవది. వయస్సును మఱువనందుకు మనబోటి ముదుసలులు సంతసింపవచ్చును. భూమికి, ధనమునకు వెనుకనే దానిని కూర్చుండబెట్టినందుకు కొంచెము చిన్నబుచ్చుకొనవచ్చును!

ఇంతటి గ్రంథము వెలువడినది ఇంగ్లీషులో. లండనులో చదివిరి, అమెరికాలో పాఠముగ పెట్టిరి. తమ యింటి పొయ్యిని, పెండ్లిని, అప్పును దాచక చెప్పిన శామీరుపేట రైతు దానిని చదువలేడు. దుబేగారిని నిందించుటకు కాదు నేనీ మాట యనుచున్నది. ఆనాటి విశ్వవిద్యాలయములలో విద్వాంసులకు వేఱు దారి యేది? అయినను బాకీ బాకీయే. చెప్పినవాని భాషలోనికి, చెప్పినవాని యింటికి, ఆ చెప్పినది తిరిగి రావలయును.

బాకీ మనవైపునను కలదు. దీనిని చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. సుమారు ఇరువదియేండ్ల క్రిందట నేనొక గ్రామ పాఠశాలలో ఉపాధ్యాయుడనై యుంటిని. ఒక కళాశాలనుండి నలుగురు విద్యార్థులు పాఠశాలల స్థితిని విచారింపవచ్చిరి. "అయ్యవారూ, ఆడపిల్లలకు మరుగుదొడ్డి గలదా? పనిచేయుచున్నదా?" అనిరి. "గలదు, పనిచేయుచున్నది" అంటిని. నిజమునకు నీరులేక రెండేండ్లుగా దానికి తాళము వేసియుండెను. మధ్యాహ్నము ఇండ్లకు పోయిన ఆడపిల్లలలో కొందఱు ఆ పూట తిరిగి వచ్చువారు కారు. పాఠశాలకు అప్రతిష్ఠ వచ్చునని, పైవారు కోపింతురని భయపడి అట్లు చెప్పితిని. వారు కాగితముపై 'ఉన్నది' అని వ్రాసికొనిరి. తలుపు తట్టి చూడలేదు, మరల రాలేదు. రైతులును ఇట్లే కార్డు పోవునని ఎకరములు తగ్గించి చెప్పుదురు, సాయము వచ్చునని అప్పు హెచ్చించి చెప్పుదురు. అడిగినవాడు ఫలితము తెచ్చి చూపడని యెఱిగినవానికి నిజము చెప్పవలసిన యక్కఱ యేమి తోచును?

1969 సెప్టెంబరు 24వ తేదీన 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకము ఆరంభమైన నాటినుండి విద్యార్థులు ఊళ్లకు వచ్చుట నియమమైనది. మా ప్రాంతమున 1998లో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము స్థాపితమైనది. 2008లో పిలానీ బిట్సువారి హైదరాబాదు విద్యాప్రాంగణము తెఱువబడినది. న్యాయము చదువువారు పట్టాలు, పింఛనులు, కుటుంబ తగవులు విచారింపవచ్చును. యంత్రశాస్త్రము చదువువారు నీటిని కొలువవచ్చును. అయితే నా కోరిక యొకటి కలదు. వారు మా బావిని మాత్రమే కాక తమ వసతిగృహపు బోరును కూడ కొలువవలయును. మాది నల్లఱాతి నేల. నీరు పైనున్న మొఱపపొరలోను, క్రింది ఱాతి పగుళ్లలోను నిలుచును. ప్రహరీగోడ భూమిపైననే యుండును, ఆ పగుళ్లను అడ్డదు. గోడకు ఆవల లోతుగా తోడిన నీటికి, ఈవల ఎండిన బావికి సంబంధము గలదో లేదో, వారి మురుగు ఏ వాగున కలియునో, భోజనశాలలో మిగిలిన యన్నము ఎచటికి పోవునో — ఇవియు పరిశోధనలే. తమ యింటి లెక్క తేల్చుకొని వచ్చినవాడు మన యింటి లెక్క అడిగిన శోభించును.

నిరుడు ఒక విద్యార్థిని మా యూరి నీటిని గూర్చి విచారింపవచ్చినది. ఏ విద్యాలయమో చెప్పను, ఆ పిల్ల కిష్టముండదు. మొదటిమారు అడిగినది. రెండవమారు బావులు తిరిగి చూచినది. మూడవమారు, ఎవ్వరును పిలువకుండగనే, తాను వ్రాసినదానిని నాలుగు పుటల తెలుగులో తెచ్చి వేపచెట్టు క్రింద చదివినది. తెలుగు తప్పులతో నుండెను. ఉపాధ్యాయుడనగుటచే నా చేయి ఎఱ్ఱసిరా కలము కొఱకు పోయినది, ఆపుకొంటిని. చదువుచుండగా ఒక ముసలి రైతు లేచి, "గట్ల కాదు బిడ్డా, ఆ బాయి ఎండింది బోరేసిన యేడు కాదు, మల్లొచ్చిన యేడు" అనెను. ఇంకొక యవ్వ, నీళ్ల బండి వచ్చు దినములను దిద్దినది. పిల్ల కొట్టివేసి మరల వ్రాసినది. చుట్టునున్నవారు ఒకరి నొకరు సరిదిద్దుకొనుచు, ఎన్నడును ఎవ్వరికిని చెప్పని లెక్కలు చెప్పసాగిరి.

అప్పుడు ఆమె నావంక తిరిగి, "తాతగారూ, మీ బడిలో నీళ్ల సంగతి ఎట్లుండెడిది?" అని యడిగినది. నేను తాళము వేసిన తలుపును గూర్చియు, నాడు నేనాడిన యబద్ధమును గూర్చియు చెప్పితిని. ఆమె క్షణమాగి, అదియు వ్రాసికొన్నది.