తిరిగివచ్చు హక్కు



అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థిరపడిన బిడ్డలు తమ తల్లిదండ్రులను అచటికి పిలిపించుకొనుట నేడు మన గ్రామములలో సామాన్య విషయము. అట్లు వెళ్లినవారిలో పలువురకు గ్రీన్ కార్డు అను శాశ్వత నివాస పత్రము లభించుచున్నది. కాని వారి మనస్సు అచట నిలువదు. కొబ్బరితోట కౌలు, తమ్ముని మనుమరాలి వివాహము, గ్రామదేవత జాతర, ఏదో యొక మిషతో స్వగ్రామమునకు వత్తురు. వచ్చి నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి ఉండిపోవుదురు. "కార్డుమీద పదియేండ్ల గడువున్నది గదా మాస్టరుగారూ, తొందరేమి?" అని నన్నడిగినవారు ఒకరిద్దరు కారు. కార్డుపై ముద్రించిన గడువు వేరు. ఆ దేశమున మరల ప్రవేశించు హక్కు వేరు. ఈ భేదమునకు వెనుక నూటముప్పది యేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

వాసము, ప్రవాసము అను రెండు మాటలకును ధాతువొక్కటే. ఉపసర్గ యొకటి చేరినంతనే స్వస్థలము పరస్థలమగుచున్నది. వ్యాకరణమున నింత సులువుగా జరుగు ఈ మార్పు, ఓడరేవులో అధికారి యెదుట నిలిచిన మనుష్యునకు ప్రాణసంకటమైన సందర్భములున్నవి.

ఛే ఛాన్ పింగ్ అను చైనా దేశీయుడు 1875లో కాలిఫోర్నియాకు వచ్చి, సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున కూలిపని చేసికొని బ్రదుకుచుండెను. చైనా కూలీలు తక్కువ వేతనమునకు పనిచేసి తమ నోటి కూడు తీయుచున్నారని తెల్ల కార్మికులు కోలాహలము చేయగా, 1882లో క్రొత్త చైనా కూలీల రాకను నిషేధించుచు అమెరికా కాంగ్రెసు శాసనము చేసెను. అయితే అప్పటికే అచట నివసించుచున్నవారికి ఒక సదుపాయము మిగిల్చిరి. స్వదేశమునకు పోదలచినవాడు రేవు అధికారి వద్ద ధ్రువపత్రము పుచ్చుకొని పోయినచో, దానిని చూపి మరల రావచ్చును. 1884లో చేసిన సవరణ ప్రకారము ఆ పత్రమొక్కటే సాక్ష్యము. ఇరుగుపొరుగువారి మాట పనికిరాదు.

ఛే ఛాన్ పింగ్ ఈ నిబంధనను అక్షరాల పాటించెను. 1887 జూన్ 2వ తేదీన పత్రము చేతబట్టుకొని ఓడయెక్కెను. స్వదేశమున ఏడాదికి పైగా గడిపి, 1888 సెప్టెంబరు 7వ తేదీన హాంగ్‌కాంగ్‌లో బెల్జిక్ అను ఓడలో బయలుదేరెను. ఓడ నడిసముద్రమున నుండగా, అక్టోబరు 1వ తేదీన అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ స్కాట్ శాసనముపై సంతకము చేసెను. దానితో అదివరకిచ్చిన ధ్రువపత్రములన్నియు చెల్లనివైనవి. అట్టి పత్రములతో విదేశములలో నున్నవారు సుమారు 20,000 మంది. అక్టోబరు 8వ తేదీన మనవాడు రేవు చేరి పత్రము చూపగా, అది చిత్తుకాగితముతో సమానమని చెప్పి అధికారులు అతనిని దిగనీయలేదు. శాసనము పుట్టి అప్పటికి ఏడు దినములు.

వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయెను. 1889 మే 13వ తేదీన న్యాయమూర్తి ఫీల్డు తీర్పు చెప్పెను, న్యాయమూర్తులందరును ఏకాభిప్రాయులు. పరదేశీయులను రానిచ్చుటయో మానుటయో సార్వభౌమ ప్రభుత్వపు ఇచ్ఛ యనియు, తిరిగివచ్చుటకు ఇచ్చిన అనుమతిని ప్రభుత్వము ఎప్పుడైనను రద్దుచేయవచ్చుననియు దాని తాత్పర్యము. సంపాదించిన ఆస్తికి హాని లేదట; తిరిగివచ్చు అనుమతి మాత్రము ఆస్తి వంటిది కాదట. మన భాషలో చెప్పవలెనన్న, పౌరుడు పట్టాదారు, శాశ్వత నివాసి కౌలుదారు. పన్నెండేండ్లు ఒక యూరిలో చెమటోడ్చినవానిని, ఆ ప్రభుత్వమే ఇచ్చిన కాగితమును నమ్మి వెళ్లినవానిని, గుమ్మము దాటనీయకపోవుట న్యాయమని నేననజాలను. ఆ చైనా నిషేధ శాసనములు 1943లో రద్దయినవి. తీర్పులోని సూత్రమును మాత్రము కోర్టులు నేటికిని ప్రమాణముగా చూపుచున్నవి.

1924 నాటి వలస శాసనము శాశ్వత నివాసులకు పునఃప్రవేశ అనుమతి పత్రము నేర్పరచెను. అది లేక పోయిన ఫలితము ఇగ్నాట్జ్ మెజెయి అనుభవించెను. ఇతడు బఫెలో నగరమున పాతికేండ్లు కాపురమున్నవాడు. 1948లో, రుమేనియాలో మరణశయ్యపై నున్న తల్లిని చూచుటకు పునఃప్రవేశ పత్రము తీసికొనకయే బయలుదేరెను. రుమేనియా అతనిని రానీయలేదు. హంగరీలో 19 నెలలు చిక్కుపడెను. 1950 ఫిబ్రవరిలో న్యూయార్కు చేరగా, దేశభద్రత పేరు చెప్పి, కారణము వెల్లడింపకయే ఎల్లిస్ ద్వీపమున నిర్బంధించిరి. ఫ్రాన్సు, బ్రిటను త్రిప్పిపంపినవి. మరి యే దేశమును చేర్చుకొనలేదు. 1953 మార్చిలో సుప్రీంకోర్టు 5గురు ఒకవైపు, 4గురు మరియొకవైపు చీలి, అతనికి విచారణ కోరు హక్కు లేదని తీర్చెను. 1954 ఆగస్టులో గాని అతనికి విడుదల కలుగలేదు.

ఆ తీర్పునకు కొలది వారములు ముందు అదే కోర్టు క్వాంగ్ హై చ్యూ అను నావికుని పక్షమున తీర్పిచ్చుట గమనింపదగినది. అతడును శాశ్వత నివాసియే. అమెరికా ఓడలో కొలువు చేయుచు నాలుగు నెలలు సముద్రముపై నుండి 1951లో తిరిగివచ్చెను. అతని నివాసము తెగలేదనియు, విచారణ జరుపక తప్పదనియు కోర్టు చెప్పెను. ఇరువురకును అచట ఇల్లే యున్నది. ఒకడు అనుమతితో పోయి నెలలలో తిరిగివచ్చెను; మరియొకడు పత్రము లేక పోయి ఏడాదికి మించి నిలిచిపోయెను.

1965 నాటి శాసనముతో భారతీయులకు అమెరికా ద్వారములు విశాలముగా తెరువబడినవి. అందుచేతనే ఈ చరిత్ర మన పెద్దల సొంత విషయమైనది. నేటి నియమములు చెప్పెదను. ఏడాదిలోపు తిరిగిపోవువారికి ప్రయాణపత్రముగా కార్డు చాలును. ఏడాది దాటినచో కార్డొక్కటి చాలదు. అధికకాల ముండదలచినవారు బయలుదేరకముందే, అమెరికా గడ్డపై నుండగనే, పునఃప్రవేశ అనుమతికి దరఖాస్తు పెట్టుకొనవలెను. అది సాధారణముగ రెండేండ్లు చెల్లును, పొడిగింపు లేదు. మన యూరినుండి దరఖాస్తు పెట్టుటకు వీలులేదు. గడువు మీరినవారు అమెరికా రాయబారి కార్యాలయమున తిరుగు నివాసి వీసా కోరవలెను. తిరిగిపోవు ఉద్దేశముతోనే వచ్చితిమనియు, వ్యాధి వంటి తమ వశముగాని కారణమున నిలిచిపోయితిమనియు అప్పుడు ఋజువు చూపవలసియుండును.

ఆరు నెలల కొకసారి పోయి ముఖము చూపి వచ్చిన చాలునని పలువుర నమ్మకము. అది సరికాదు. విమానాశ్రయమున అధికారి చూచునది రాకపోకల లెక్క యొక్కటే కాదు. కాపురమెచ్చట, పన్ను ఎచ్చట చెల్లించితిరి, బ్యాంకు ఖాతా ఎచ్చట, తిరుగు ప్రయాణము ఎప్పటికి అని విచారించును. ఆరు నెలలకు మించిన గైరుహాజరీ, ముందు పౌరసత్వము కోరువారికి కూడ చిక్కు తెచ్చును.

మరియొక మాట. అనుమానము కలిగినచో, నివాసమును స్వయముగా వదలుకొంటిమని వ్రాసిన కాగితముపై సంతకము పెట్టుమని అధికారి అడుగవచ్చును. ఆంగ్లము చదువరాని వృద్ధదంపతులు తొందరపడి సంతకము పెట్టుట కలదు. ఆ సంతకము ఇష్టపూర్వకముగా చేయవలసినదే గాని నిర్బంధము లేదు. పెట్టక, వలస న్యాయాధికారి యెదుట విచారణ జరిపింపుమని కోరవచ్చును.