భరణంలో ఆరో వంతు: రేనాటి పాలెగాళ్ల ఆస్తి పంపకం



అన్నదమ్ములు వేరుపడే రోజును మీలో చాలామంది చూసే ఉంటారు. ఊరి పెద్దమనుషులు కూర్చుంటారు. చేలను పాళ్లు వేస్తారు. ఎడ్లు, బండి, ఇత్తడి బిందెలు, గంగాళాలు నడి ఇంట్లో పెట్టి లెక్క చూస్తారు. దీన్ని మనం ఇంటి విషయమనే అనుకుంటాం. అయితే ఏది పంచవచ్చు, ఏది పంచరాదు, ఎవరికి వాటా ఉంది అనే ప్రశ్నలకు జవాబు చెప్పేది ఆనాటి రాజ్యం. ఈ పాఠంలో ఆ విషయాన్ని రేనాటి ప్రాంతపు ఒక కుటుంబం ద్వారా పరిశీలిద్దాం.

1. పంచరాని ఆస్తి

1800 అక్టోబరులో నిజాం నేటి రాయలసీమలోని అధిక భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. అప్పటికి ఇక్కడ సుమారు 80 మంది పాలెగాళ్లు ఉన్నారు. పాలెమంటే భూమి మాత్రమే కాదు. దానికి కోట, బంట్లు, కావలి హక్కు, పన్ను వసూలు అన్నీ కలిసి ఉండేవి. అందువల్ల దాన్ని చేనును పంచినట్లు పంచడం కుదరదు. ఒకడే పాలెగాడవుతాడు, మిగిలినవారికి పోషణ లభిస్తుంది. చిత్తూరు ప్రాంతపు నరగంటి వారి పాలెం వివాదంలో 1861లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ కూడా ఈ సూత్రాన్నే అంగీకరించింది: పాలెం ఉమ్మడి కుటుంబానికి చెందవచ్చు గాని, దాన్ని భాగాలు చేయరాదు.

2. పంచదగిన ఆస్తి

దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో (1800-1807) పాలెగాళ్ల బలాన్ని అణచివేశాడు. అధికారం కోల్పోయిన కుటుంబాల్లో కొన్నింటికి నెలసరి భరణం దక్కింది. ఉయ్యాలవాడ కుటుంబం వాటిలో ఒకటి. ఆ ఊరు ఉన్న కోయిలకుంట్ల తాలూకా అప్పట్లో కడప జిల్లాలో ఉండేది, తరువాత కర్నూలు జిల్లాలో చేరింది.

ఆ కుటుంబపు భరణం నెలకు 70 రూపాయలు. అందులో సగం పెదమల్లారెడ్డి తమ్ముని శాఖకు పోయింది. మిగిలిన 35 రూపాయలను పెదమల్లారెడ్డి ముగ్గురు కుమారులు పంచుకోవాలి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైల చొప్పున మీరే లెక్క వేసి చూడండి. ఒక్కొక్కరికి 11 రూపాయల 10 అణాల 8 పైలు వస్తాయి. కుమారులలో ఒకడైన నరసింహారెడ్డి పేరున కంపెనీ రికార్డుల్లో ఉన్న మొత్తం సరిగ్గా ఇదే.

ఈ చిన్న అంకెను జాగ్రత్తగా గమనించండి. పాలెం పాలెంగా ఉన్నంతకాలం ఒక్కరి చేతిలో నిలిచింది. నగదు భరణంగా మారగానే అది ధాన్యపు రాశిలా కొలిచి పంచే వస్తువైంది. అధికారం తీసివేసిన పని కంపెనీది. ఆ మిగులును తరతరానికీ చిన్నది చేసిన పని మాత్రం మన ఇంటి పంపకానిదే. ఇక మీదట కంపెనీకి ఎదురుగా నిలిచేది ఒక పాలెగాడు కాదు, వేర్వేరు భరణందారులు.

నొస్సం పాలెగాళ్ల భరణం వారసులు లేరన్న కారణంతో రద్దయినప్పుడు, నరసింహారెడ్డి అందులో వాటా కోరాడు. సర్కారు నిరాకరించింది. అదే కాలంలో కట్టుబడి బంట్లకు తమ ఇనాం భూములు పోతాయన్న భయం పట్టుకుంది. 1846 జూలైలో మొదలైన తిరుగుబాటులో ఈ రెండు అసంతృప్తులూ కలిశాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. కేవలం భరణం కోసమే ఈ పోరాటం జరిగిందని చెప్పడం పొరపాటు. బంట్లు, రైతులు ఆయన వెంట నడిచింది ఆయన వాటా కోసం కాదు. వారి భూమి కోసం, పాత గౌరవం కోసం.

3. రైతు ఇంటి పంపకం

1820 తరువాత స్థిరపడిన రైత్వారీ విధానంలో పట్టా రైతు పేరున ఉంటుంది. మితాక్షర ధర్మశాస్త్రం ప్రకారం పిత్రార్జితంలో కుమారునికి పుట్టుకతోనే హక్కు ఉంటుంది. తండ్రి తన ఇష్టానుసారం ఒకరికి ఇచ్చి మరొకరికి మానలేడు. అమెరికాలోని వర్జీనియాలో పొగాకు తోటల యజమాని మరణశాసనం రాసి తన ఇష్టం ప్రకారం పంచేవాడు. భూమి ఎక్కువగా కొడుకులకు, ఇంటి సామాను కూతుళ్లకు చెందేవి. బానిసలైన మనుషులను కూడా ఆస్తిగా లెక్కించి పంచడం అక్కడి ఘోరం.

మన మెట్ట ప్రాంతంలో పంపకానికి హద్దు గీసేది నీరు. రేగడి చేను నిలువునా చీల్చవచ్చు. కపిల బావిని చీల్చలేరు. అందుకే బావిని ఉమ్మడిగా ఉంచి, నీటికి వంతులు పెట్టుకునేవారు. చేలు విడిపోయినా బావి దగ్గర అన్నదమ్ములు కలవక తప్పేది కాదు. తగాదాలు కూడా అక్కడే మొదలయ్యేవి.

4. వాటా లేనివారు

పెదమల్లారెడ్డి భరణం లెక్కలో కుమార్తెల ప్రస్తావన లేదు. నాటి ధర్మశాస్త్రంలో కుమారులున్న ఇంట కుమార్తెకు పిత్రార్జితంలో భాగం లేదు. పెళ్లినాడు పెట్టిన నగలు, సామాను, కొందరికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన కొద్దిపాటి భూమి మాత్రమే ఆమెవి. 1937 చట్టం భర్త ఆస్తిలో వితంతువుకు పరిమిత హక్కునిచ్చింది. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కుమార్తెలకు పుట్టుకతోనే సమాన హక్కు కల్పించింది. 2005 కేంద్ర సవరణ పెళ్లయిన కుమార్తెలకూ దాన్ని వర్తింపజేసింది.

5. సారాంశం

పాలెం పంచరానిది, భరణం పంచదగినది. ఈ మార్పులో పాలెగాడు పింఛనుదారుడయ్యాడు. కాబట్టి పంపకపు లెక్కను చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. పంచినదేమిటి? పంచకుండా ఉంచినదేమిటి? ఎవరి పేరు లేదు?

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ ఇంట్లో పాత భాగపరిష్కార దస్తావేజు ఉంటే పెద్దలను అడిగి చదవండి. పై మూడు ప్రశ్నలకు అందులో దొరికే జవాబులను పది వాక్యాలలో రాయండి. మీ అమ్మమ్మ పేరో, నాయనమ్మ పేరో అందులో ఎక్కడుందో తప్పక వెతకండి.