సర్వే విద్య, ఉప్పల్

హైదరాబాద్ తూర్పున, నాచారం పారిశ్రామికవాడకు చేరువలోని ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా అందిస్తున్న భూకొలత విద్య. 1767లో ఏర్పడిన ఈ శాఖ 1960వ దశకంలో ఇక్కడ శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పింది. సర్వే ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌గా, ఆపై ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సర్వేయింగ్ అండ్ మ్యాపింగ్‌గా పేరొందిన ఆ కేంద్రమే నేటి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ జియో-ఇన్ఫర్మాటిక్స్ సైన్స్ అండ్ టెక్నాలజీ. శాఖ సిబ్బందితో పాటు ఇతర దేశాల వారూ ఇక్కడ చదువుకున్నారు.

బోధన పద్ధతి: సర్వే చదువుకు తరగతి గది ఎంతో, మైదానమూ అంతే. ఎత్తుల తేడాను కొలిచే లెవెలింగ్ అభ్యాసం ఎత్తు తెలిసిన బెంచ్‌మార్క్ దగ్గర మొదలవుతుంది. ఒకరు స్టాఫ్‌ను, అంటే కొలత గుర్తులున్న కర్రను, నిటారుగా పట్టుకుంటారు. మరొకరు లెవెల్ పరికరంలోంచి చూసి రీడింగ్ చెబుతారు. ఇంకొకరు దాన్ని ఫీల్డ్ బుక్‌లో రాస్తారు. తప్పు పడిన అంకెను చెరపకూడదు, కొట్టివేసి సరైనది రాయాలి. చుట్టి వచ్చి అదే బెంచ్‌మార్క్ దగ్గర ముగించినప్పుడు ఎత్తుల తేడా సున్నా కావాలి. తేడా వచ్చి అది అనుమతించిన హద్దు దాటితే మళ్లీ కొలవాల్సిందే. అలాగే బయలుదేరిన చోటికే చేరే నాలుగు భుజాల కొలత గీతలో, అంటే ట్రావర్స్‌లో, లోపలి కోణాల మొత్తం 360 డిగ్రీలు రావాలి.

ప్రాధాన్యం: ఈ విధానంలో విద్యార్థి తన తప్పును మార్కుల జాబితా వచ్చేదాకా ఆగకుండా మైదానంలోనే తానే పట్టుకుంటాడు, కారణం వెతుకుతాడు, సరిదిద్దుకుంటాడు. వినడంతో సరిపెట్టుకునే చదువు కన్నా చేసి చూసే చదువు మేలైనదనడానికి భూకొలత బలమైన నిదర్శనం.