రెసిడెన్సీ గోడలు, నూరేళ్ల చదువులు: కోఠి మహిళా కళాశాల చరిత్ర, దస్తావేజులు

1924లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు మహిళా కళాశాలగా ఆరంభమై, 1949 నుంచి హైదరాబాదు కోఠిలోని పూర్వపు బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో కొనసాగిన విద్యాసంస్థ 2022లో తెలంగాణ మహిళా విశ్వవిద్యాలయంగా రూపొందింది. నూరేళ్లు నిండిన 2024లోనే దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురొడ్డి తన పంటను తాను ఇంటికి చేర్చుకున్న పాలకుర్తి వీరనారి పేరు ఆడపిల్లల చదువులగుడికి రావడం ఎంతైనా గర్వించదగిన విషయం. అయితే కోఠి మహిళా కళాశాల అన్న పాత పేరు వాడుకలో తప్ప కాగితాల మీద లేకుండా పోయింది కనుక, ఆ పేరుతో గడిచిన కాలాన్ని నమోదు చేయవలసిన బాధ్యత ఇప్పుడు మరింత పెరిగింది.

కళాశాల పుట్టిన నాటికి ఉస్మానియా విశ్వవిద్యాలయం వయసు ఆరేళ్లు మాత్రమే. ఇంగ్లీషును పక్కనపెట్టి ఉర్దూలోనే ఉన్నత విద్య నేర్పాలన్న సంకల్పంతో, శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చేందుకు దారుల్ తర్జుమా అనే అనువాద శాఖను కూడా నెలకొల్పుకొని సాగిన విశ్వవిద్యాలయం అది. పరదా పాటించే కుటుంబాలు ఆడపిల్లలను గడప దాటించడానికే వెనుకాడిన ఆ రోజుల్లో, వేళ్లమీద లెక్కించదగినంత మందితోనైనా కళాశాల తరగతులు నడపడం సాహసమే. సరోజినీ నాయుడు కుటుంబపు నివాసమైన గోల్డెన్ త్రెషోల్డ్ కూడా కళాశాల తొలినాళ్ల చరిత్రలో చోటు చేసుకున్నది. సరోజిని తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ నిజాం కళాశాలకు సారథ్యం వహించిన విద్యావేత్త. అదే ఇంట్లో 1970వ దశకంలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా తొలి అడుగులు వేసింది. ఒకే ఇల్లు రెండు విద్యాసంస్థల శైశవానికి ఆశ్రయమివ్వడం అరుదైన భాగ్యం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాం పాలన ముగిశాక, ఉస్మానియాలో బోధనాభాష ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారింది. మరుసటి ఏడు కళాశాల రెసిడెన్సీకి చేరింది. రెసిడెంటు అంటే నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ తరఫున, తరువాత బ్రిటిష్ ప్రభుత్వం తరఫున ఉండే ప్రతినిధి. 1798 నుంచి 1805 వరకు ఆ పదవిలో ఉన్న జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ నిజాం అలీఖాన్ ధనసహాయంతో తలపెట్టిన ఈ భవనానికి శామ్యూల్ రస్సెల్ నమూనా గీశాడు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో ప్రజలు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదనే. కంపెనీ అధికారానికి చిహ్నంగా నిలిచిన కట్టడంలో ఆడపిల్లలు పాఠాలు వినడం చరిత్ర తీర్చిన రుణమని చెప్పవచ్చు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కోస్తా జిల్లాల కుటుంబాలకు కూడా హైదరాబాదు రాజధాని అయింది. అత్తిలి, తాడేపల్లిగూడెం, కొల్లేటి పరిసరాల ఆడపిల్లలకు 1953లో ఏలూరులో స్థాపితమైన సెయింట్ థెరిసా మహిళా కళాశాల దగ్గరి దారి కాగా, కోఠి కళాశాల దూరపు దారి. ఆ దూరాన్ని తగ్గించినవారు అధ్యాపకులు. గుంటూరులో పుట్టిన నాయని కృష్ణకుమారి, పాలమూరు బిడ్డ పాకాల యశోదారెడ్డి ఒకే కళాశాలలో తెలుగు చెప్పారు. మొదటివారు తెలుగు జానపద గేయగాథలను పరిశోధించి తరువాత తెలుగు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులయ్యారు. రెండవవారు తెలంగాణ పలుకుబడిని యథాతథంగా కథల్లోకి తెచ్చి ‘మా వూరి ముచ్చట్లు’ అందించారు, అధికార భాషా సంఘానికి అధ్యక్షత వహించారు. రెండు ప్రాంతాల తెలుగు ఒకే శాఖలో పక్కపక్కన నిలిచిన ఆ దశాబ్దాలే ఈ సంస్థ స్వర్ణయుగమనడంలో అతిశయోక్తి లేదు. ఆ తరువాతి ఏళ్లు కొత్త శాఖలతో, పెరిగిన ప్రవేశాలతో గడిచాయి.

కష్టకాలం భవనం రూపంలో వచ్చింది. రెండు శతాబ్దాల గోడలు, పైకప్పులు శిథిలమవుతుంటే తరగతులు ఇతర భవనాలకు తరలవలసివచ్చింది. 2002లో ప్రపంచ స్మారకాల నిధి అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో రెసిడెన్సీని చేర్చింది. అదే ఏడాది విలియం డాల్రింపుల్ రాసిన ‘వైట్ మొగల్స్’ వెలువడి, కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రణయగాథను లోకమంతటా చాటింది. దర్బారు హాలు మళ్లీ కళకళలాడేలా చేసిన పునరుద్ధరణకు తోడ్పడిన ప్రతివారికీ కృతజ్ఞతలు చెల్లవలసిందే. అయినా ఒక లోటు మిగిలింది. ఏడెనిమిదేళ్లు పదవిలో ఉన్న రెసిడెంటు ప్రేమకథ తెలిసినంతగా, డెబ్బై ఏళ్లకు పైగా అక్కడ చదివిన ఆడపిల్లల కథ ఎవరికీ తెలియదు.

ఈ అసమానత దస్తావేజుల్లోనే మొదలవుతుంది. హైదరాబాదు రెసిడెన్సీ కాగితాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి, కంపెనీ కాలపు ఉత్తర ప్రత్యుత్తరాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, నిజాం ప్రభుత్వ దఫ్తరాలు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో మొగలుల కాలపు పారశీక పత్రాల సరసన ఉన్నాయి. కళాశాల చరిత్రకు కావలసినవి వేరు: ప్రవేశ రిజిస్టర్లు, హాజరు పట్టీలు, ఉపకార వేతనాల లెక్కలు, వసతిగృహపు ఖాతాలు, వార్షిక సంచికలు. 1948కి ముందటి నిజాం ప్రభుత్వ కాగితాలు చదవాలంటే ఉర్దూ లిపితోపాటు ఫసలీ శకం, అంటే శిస్తు వసూళ్ల కోసం ఏర్పడిన సంవత్సర గణన, కూడా తెలియాలి. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే దాదాపుగా క్రీస్తుశకం వస్తుంది. పెళ్లితో ఇంటిపేరు మారిన విద్యార్థినిని రిజిస్టరులో గుర్తించడం మరో చిక్కు.

ప్రిన్సిపాళ్ల పేర్లు ఎలాగైనా నిలుస్తాయి. గంట కొట్టిన అటెండర్లు, గ్రంథాలయ సహాయకులు, ప్రయోగశాల సిబ్బంది, వసతిగృహపు వార్డెన్లు, వంటవారు, ఆయాలు, తోటమాలులు, కాపలాదారులు, పరీక్షల గుమాస్తాలు లేకుండా కళాశాల ఒక్క రోజైనా నడిచేది కాదు గనుక, వారి పేర్లు కూడా జీతాల పట్టీల నుంచి సేకరించి అచ్చు వేయడం న్యాయం.

అత్తిలి నుంచి ఆదిలాబాదు వరకు ఏ ఇంటి ట్రంకుపెట్టెలోనైనా కోఠి కళాశాల గుర్తింపు కార్డు, ఫీజు రసీదు, వార్షిక సంచిక, తరగతి గ్రూపు ఫొటో ఉంటే, వెనుక పేర్లు, సంవత్సరం రాసి ఒక నకలు విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి పంపవలసిందిగా పూర్వ విద్యార్థినులకు, వారి కుటుంబాలకు మనవి.