ఆది జాకెట్టు

సత్తెనపల్లిలో జాకెట్టు కుట్టించుకోవాలంటే మనిషి వెళ్లనక్కర్లేదు. ఆది వెళ్తే చాలు. ఒంటికి బాగా కుదిరిన పాత జాకెట్టునే మనం ఆది అంటాం. కొత్త గుడ్డలో చుట్టి దర్జీకి పంపిస్తాం. ఇంత మామూలు విషయానికి చరిత్ర ఏముంటుంది అనిపిస్తుంది. ఉంది.

మా ఊరికి దగ్గర్లోని అమరావతి శిల్పాల్లో స్త్రీలు చాలావరకు కుట్టని బట్టల్లోనే కనిపిస్తారు. తర్వాతి కాలపు ముడి రవికకు కూడా కచ్చితమైన కొలత అక్కర్లేదు. ముందు వేసే ముడి ఒంటిని బట్టి బిగుస్తుంది, వదులవుతుంది. 1851లో ఐజాక్ సింగర్ పేటెంటు పొందిన కుట్టుమిషను, దాని వెనక టేపు, హుక్సుల జాకెట్టు మన ఊళ్లకు చేరాక అంగుళాల లెక్క వచ్చింది.

జాకెట్టు మర్యాదకు గుర్తు కూడా అయింది. ఆ మర్యాద ఎవరికన్నది కులం నిర్ణయించింది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు దశాబ్దాలు పోరాడితే 1859లో రొమ్ము కప్పుకోడానికి అనుమతి దొరికింది. అదీ పైకులాల స్త్రీలలాగా కప్పుకోకూడదన్న షరతు మీద.

ఇక్కడే ఒక చిక్కు. ఒళ్లు దాచుకోవాల్సిన స్త్రీకి, ఒంటిని తాకి కొలిస్తే తప్ప కుదరని బట్ట వచ్చింది. కొలిచేవాడు మేర కులస్తుడో, ముస్లిం దర్జీయో, ఎవరైనా పరాయి మగవాడే. ఆది ఆ చిక్కుకు దొరికిన రాజీ అని నేననుకుంటాను.

కానీ ఆది అన్నీ చెప్పదు. నడుము ఎంతో చెబుతుంది, భుజం ఎంత వాలిందో చెప్పదు. అన్నిటికన్నా ముందు, ఈ ఏడు ఒళ్లు ఎలా ఉందో చెప్పదు. మా అమ్మ ఆది నేను పుట్టకముందుది. కొత్త జాకెట్టు పట్టకపోతే "లావైపోయానే" అని బాధపడేది. ఆది పాతదైందని ఒక్కసారీ అనలేదు.

ఇది మన అమ్మల సంగతే కాదు. 1939-40లో అమెరికా వ్యవసాయశాఖ సుమారు 15,000 మంది స్త్రీలను ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిపించింది. పట్టికలు మాత్రం తెల్లజాతి స్త్రీల కొలతలతోనే తయారుచేసింది. మన దేశానికి సొంత సైజులు ఉండాలని నిఫ్ట్ సంస్థ 25,000 మందితో తలపెట్టిన సర్వేకు ఎంచుకున్నవి 6 నగరాలు. హైదరాబాదు ఉంది. మా మిరపచేలు లేవు. ఆ చేలల్లో కూలికెళ్లే స్త్రీలు ఘాటుకీ, పురుగుమందుకీ చీర మీద మగవాళ్ల పాత చొక్కా తొడుక్కుంటారు. వాళ్లు తీసిన పత్తికి తూకం ఉంది, వాళ్ల ఒంటికి మాత్రం కొలత లేదు.

ఇప్పుడు ఊళ్లలో ఇంట్లోనే మిషను పెట్టుకున్న స్త్రీలు చాలామంది ఉన్నారు. టేపు కింద రెండు వేళ్లు ఉంచి, ఊపిరి బిగబట్టొద్దని చెప్పి కొలుస్తారు. "పాలిస్తున్నావా? ఆపరేషనేమైనా అయిందా?" అని అడుగుతారు. తర్వాత విప్పుకోడానికి కుట్లలో బట్ట వదులుతారు. ఆది ఇచ్చి వచ్చేయకుండా వాళ్ల ముందు ఓసారి నిలబడదాం. ఒళ్లు మారుతుందని ముందే ఒప్పుకుని కుట్టిన జాకెట్టు ఎలా ఉంటుందో తెలుస్తుంది.