పన్నెండేళ్ల పిల్లల దారులు: న్యూ సౌత్ వేల్స్‌లో ఐచ్ఛిక పాఠ్యాంశాల చరిత్ర

ఆస్ట్రేలియాలో సిడ్నీ రాజధానిగా ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలు, ఆ ఏడాది ద్వితీయార్ధంలో, తొమ్మిది, పది తరగతుల్లో తాము చదవబోయే పాఠ్యాంశాలలో సాధారణంగా రెండు మూడింటిని తమ ఇష్టం మేరకు ఎంచుకుంటారు. ఇంగ్లీషు, గణితం, సైన్సు, చరిత్ర, భూగోళం, ఆరోగ్య వ్యాయామ విద్య అందరికీ తప్పనిసరి కాగా, వాటికి తోడుగా తీసుకునే ఈ ఐచ్ఛికాంశాలను అక్కడ ఎలక్టివ్‌లని వ్యవహరిస్తారు. వాణిజ్యం, నాటకం, సంగీతం, చిత్రలేఖనం, ఫొటోగ్రఫీ, ఆహార సాంకేతికత, చెక్కపని, లోహపు పని, వ్యవసాయం, కంప్యూటింగ్, ఫ్రెంచి, జపనీసు వంటి భాషలు, ఇవన్నీ ఒకే జాబితాలో, ఒకదానికి మరొకటి తీసిపోదన్నట్లు పక్కపక్కనే ఉంటాయి. హైస్కూలు తొలి తరగతుల నుంచే ఐఐటీ ఫౌండేషన్ కోర్సులు నడిచే వాతావరణంలో పెరిగి అక్కడికి వెళ్లిన తెలుగు తల్లిదండ్రులకు ఈ జాబితా కాలక్షేపంలా కనిపించడం సహజమే గాని, దీని వెనుక దశాబ్దాల సంఘర్షణ ఉంది. పన్నెండేళ్ల వయసులోనే పిల్లలను విడదీసి వేర్వేరు రకాల బడులకు పంచిపెట్టే పద్ధతిని తొలగించడానికి ఆ రాష్ట్రం చేసుకున్న ఏర్పాటులో ఈ ఎంపిక ఒక ముఖ్య భాగం.

ఆ పాత పద్ధతి ఒక మంచి సంకల్పంతోనే మొదలైంది. 1905 నుంచి 1922 వరకు రాష్ట్ర విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసిన పీటర్ బోర్డ్ ప్రభుత్వ హైస్కూళ్లను విస్తరింపజేశారు. 1911లో వాటిలో ఫీజులు రద్దు కావడంతో, అప్పటిదాకా డబ్బున్నవారికే పరిమితమైన మాధ్యమిక విద్య పేదింటి బిడ్డలకు కూడా అందుబాటులోకి వచ్చింది. అయితే ఆ తలుపు దగ్గరే క్వాలిఫయింగ్ సర్టిఫికెట్ అనే పరీక్షను, అంటే ప్రాథమిక విద్య ముగింపున అర్హత నిర్ణయించే పరీక్షను, కాపలా పెట్టారు. అందులో రాణించినవారు విశ్వవిద్యాలయానికి దారితీసే హైస్కూలుకు వెళ్లగా, మిగిలినవారిలో అబ్బాయిలకు చేతిపనులు నేర్పే జూనియర్ టెక్నికల్ స్కూలు, అమ్మాయిలకు వంట, కుట్టుపని, గృహనిర్వహణ నేర్పే డొమెస్టిక్ సైన్స్ స్కూలు దక్కేవి. తరువాతి దశాబ్దాల్లో ఆ పరీక్ష పోయి, ప్రజ్ఞాలబ్ధిని కొలిచే పరీక్షలు, బడి మార్కులు దాని స్థానంలోకి వచ్చినా, పంపకం మాత్రం ఆగలేదు. హైస్కూలులో మూడేళ్లకు ఇంటర్మీడియట్ సర్టిఫికెట్, ఐదేళ్లకు లీవింగ్ సర్టిఫికెట్ ఇచ్చేవారు. రెండోది విశ్వవిద్యాలయ ప్రవేశానికి ఆధారం కావడం వల్ల, అక్కడిదాకా చేరేవారు కొద్దిమందే అయినా, కింది తరగతుల పాఠ్యప్రణాళిక కూడా ఆ కొద్దిమంది అవసరాలను బట్టే రూపొందేది.

రెండో ప్రపంచయుద్ధం తరువాత ఈ అమరిక నిలిచే పరిస్థితి లేకపోయింది. నిర్బంధ విద్య వయసు 1943 నాటికి 14 నుంచి 15కు పెరిగింది, యుద్ధానంతరం యూరప్ నుంచి వలసలు వెల్లువెత్తాయి, పుట్టిన పిల్లల సంఖ్య పెరిగి బడులు కిక్కిరిశాయి. ఈ నేపథ్యంలో విద్యామంత్రి రాబర్ట్ హెఫ్రన్ 1953లో మాధ్యమిక విద్యను సమీక్షించడానికి ఒక సంఘాన్ని నియమించి, దానికి అధ్యక్షుడిగా అంతకు ముందు సంవత్సరమే విద్యాశాఖ డైరెక్టర్ జనరల్ అయిన హెరాల్డ్ విండమ్‌ను ఎంపిక చేశారు. 1903లో ఫోర్బ్స్ అనే చిన్న పట్టణంలో పుట్టిన విండమ్, బడిపంతులుగా జీవితం ప్రారంభించి, అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసినవారు. సామర్థ్యాన్ని బట్టి విద్యార్థులను జట్లుగా విడదీసే పద్ధతులపై ఆయన రాసిన గ్రంథం 1934లో అచ్చయింది. పిల్లల వర్గీకరణను అంత దగ్గరగా అధ్యయనం చేసిన వ్యక్తే, రెండు దశాబ్దాల తరువాత, ప్రాథమిక పాఠశాల ముగింపున వారిని వేర్వేరు బడులకు పంపడం తగదని సిఫారసు చేయడం ఈ చరిత్రలో గమనించదగిన ఘట్టం.

1957లో వెలువడిన విండమ్ నివేదిక సారాంశం ఇది: ఒక ప్రాంతంలో నివసించే పిల్లలందరూ ఏ ప్రవేశ పరీక్షా లేకుండా ఒకే సమగ్ర హైస్కూలులో చేరాలి, దాదాపు పదహారేళ్ల వయసు దాకా సాగే మొదటి నాలుగేళ్లు అందరికీ సాధారణ విద్య అందాలి, మొదటి ఏడాది అందరూ ఉమ్మడి మూలాంశాలను చదివి, రెండో ఏడాది నుంచి క్రమంగా ఐచ్ఛికాంశాలను చేర్చుకోవాలి, విశ్వవిద్యాలయానికి వెళ్లదలచినవారికి ఆపైన మరో రెండేళ్ల చదువు ఉండాలి. ఐచ్ఛికాంశాలు ఉండాలన్న మాటకన్నా, అవి ఎప్పుడు, ఏ వరుసలో రావాలన్న ఆలోచనలోనే ఈ నివేదిక గొప్పతనం ఉంది. బిడ్డ ముందుగా అన్నింటినీ రుచి చూడాలి, ఆ తరువాత తన మొగ్గును తానే తెలుసుకోవాలి, తెలుసుకున్నాక కూడా ఆ ఎంపిక వల్ల ఏ దారీ మూసుకుపోకూడదు. పూర్వం పరీక్షాధికారి చేతిలో ఉన్న నిర్ణయాన్ని వాయిదా వేసి, చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, విద్యార్థి చేతికే అందించిన ఈ పద్ధతి, సమకాలీన విద్యాసంస్కరణలలో అత్యంత మానవీయమైనవాటిలో ఒకటని చెప్పడం అతిశయోక్తి కాదు.

1961 చట్టంతో ఆమోదం పొందిన ఈ పథకం 1962లో మొదటి సంవత్సరం విద్యార్థులతో అమలులోకి వచ్చింది; వారు 1965లో స్కూల్ సర్టిఫికెట్ పరీక్షను, 1967లో హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్ పరీక్షను తొలి బృందంగా రాశారు. మాధ్యమిక విద్య ఐదేళ్ల నుంచి ఆరేళ్లకు పెరగడం వల్ల 1966లో చదువు ముగించే మామూలు బృందమే లేకపోయింది, కనుక 1967లో విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం తరగతులు బాగా పలచబడ్డాయి. ఒక సంస్కరణ కోసం రాష్ట్రం ఈ ఇబ్బందిని కూడా భరించింది. కొత్త సైన్సు పాఠ్యప్రణాళిక కోసం సిడ్నీ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు హ్యారీ మెసెల్ నేతృత్వంలో 1964లో ఒక బృహద్గ్రంథం వెలువడింది. ప్రయోగశాలల నిర్మాణానికి ప్రధాని మెంజీస్ ప్రభుత్వం అదే ఏడాది కేంద్ర నిధులు ఇవ్వడం మొదలుపెట్టింది.

ఆశయం కొంతమేరకే నెరవేరింది. బడుల మధ్య తొలగిన గోడలు బడి లోపల లేచాయి: ఒకే పాఠ్యాంశాన్ని ఉన్నత, సాధారణ స్థాయిలుగా విడదీసి బోధించడంతో, ఏ తరగతి గదిలో కూర్చున్నాడన్నదే విద్యార్థి విలువకు కొలమానమైంది. అబ్బాయిలకు లోహపు పని, అమ్మాయిలకు గృహవిజ్ఞానం అన్న విభజన ఎంపిక పేరిట చాలాకాలం కొనసాగింది. ఆస్ట్రేలియా స్కూల్స్ కమిషన్ 1975లో ప్రచురించిన నివేదిక బాలికల విద్యలోని ఇటువంటి అసమానతలను బయటపెట్టినా, డిజైన్, సాంకేతిక విద్య బాలబాలికలందరికీ తప్పనిసరి పాఠ్యాంశం కావడానికి 1990ల తొలినాళ్ల దాకా ఆగవలసి వచ్చింది. ప్రవేశ పరీక్షతో విద్యార్థులను చేర్చుకునే సెలెక్టివ్ హైస్కూళ్లు కూడా పూర్తిగా అంతరించలేదు; 1980ల చివర టెరీ మెథరెల్ విద్యామంత్రిగా ఉన్నప్పుడు వాటి సంఖ్య తిరిగి పెరిగింది. నేడు సిడ్నీలో అనేక తెలుగు కుటుంబాలు పిల్లలకు ప్రత్యేక శిక్షణ ఇప్పిస్తున్నది ఆ బడుల్లో సీటు కోసమే. వాటిలో అత్యంత ప్రసిద్ధమైన జేమ్స్ రూస్ పాఠశాల వ్యవసాయ హైస్కూలు కావడం, ఏళ్ల తరబడి రాష్ట్రంలో ప్రథమస్థానంలో నిలిచిన ఆ బడిలో ప్రతి విద్యార్థీ పదో తరగతి దాకా వ్యవసాయం చదవవలసి ఉండడం తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన విషయం.

పదో తరగతి చివరి స్కూల్ సర్టిఫికెట్ పరీక్షలను 2011తో రద్దు చేయడం ఈ చరిత్రలో తాజా మలుపు. ఇప్పుడు తొమ్మిది, పది తరగతుల ఐచ్ఛికాంశాలలో వచ్చే గ్రేడులు బడి స్థాయి మూల్యాంకనం మీదే ఆధారపడతాయి, విశ్వవిద్యాలయ ప్రవేశానికి వాడే ఎటార్ ర్యాంకును పన్నెండో తరగతి ఫలితాల నుంచే లెక్కిస్తారు. సాధారణంగా ఏడు, ఎనిమిది తరగతుల్లోనే సంగీతం, చిత్రకళ వంద గంటల చొప్పున, ఏదో ఒక పరభాష వంద గంటలు, వాటితో పాటు చేతిపనులు, సాంకేతిక విద్య అందరూ చదివి ఉంటారు గనుక, ఎంపిక నాటికి ప్రతి బిడ్డకూ కొంత అనుభవం ఉంటుంది. పై తరగతుల్లో ఒక భాషను ఉన్నత స్థాయిలో కొనసాగించడానికి, లేదా సంగీతంలో లోతైన కోర్సు తీసుకోవడానికి మాత్రమే ముందస్తు పునాది అవసరమవుతుంది. వాణిజ్యం చదవని విద్యార్థి పదకొండో తరగతిలో అర్థశాస్త్రం తీసుకోవడానికి అడ్డేమీ లేదు. అయినా తెలుగు ఇళ్లలో నాటకం, ఆహార సాంకేతికత వంటివి చర్చకు రాకుండానే కొట్టివేతకు గురై, వాణిజ్యం, కంప్యూటింగ్ వంటివే మిగలడం తరచుగా జరుగుతోంది. పిల్లల భవిష్యత్తు మీది ఆందోళనే దీనికి కారణం, ఆ ఆందోళన గౌరవించదగినదే. కానీ విండమ్ సంఘం ఏ తొందరపాటును తొలగించడానికి శ్రమించిందో, ఆ తొందరపాటే ఇంటి ద్వారా తిరిగి ప్రవేశిస్తోంది.

స్వదేశంలోని పాఠకులకు ఈ చరిత్ర పరాయిది కాదు. విండమ్ సంఘం ఏర్పడిన 1953లోనే, మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతి, వైద్యుడు ఆర్కాట్ లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన భారత మాధ్యమిక విద్యా కమిషన్ తన నివేదికను సమర్పించి, మూలాంశాలతో పాటు మానవీయ శాస్త్రాలు, విజ్ఞానశాస్త్రం, సాంకేతికం, వాణిజ్యం, వ్యవసాయం, లలితకళలు, గృహవిజ్ఞానం అనే ఏడు విభాగాల్లో ఎంపిక ఉండే బహుళార్థసాధక పాఠశాలలను ప్రతిపాదించింది. ఆంధ్రదేశంలోని పెద్దలు కొందరికి మల్టీపర్పస్ హైస్కూలు అన్న పేరు ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది. రెండు నివేదికల మధ్య ఒక మౌలికమైన తేడా ఉంది: విండమ్ పథకంలో విద్యార్థి ఐచ్ఛికాంశాలను ఒక్కొక్కటిగా చేర్చుకుంటాడు, మొదలియార్ పథకంలో ఒక విభాగంలోకి మొత్తంగా ప్రవేశిస్తాడు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, పనిముట్లు, ప్రయోగశాలలు చాలకపోవడంతో ఆ పాఠశాలలు చాలాచోట్ల ఆశించిన ఫలితాన్ని ఇవ్వలేకపోయాయి. పదో తరగతి దాకా అందరికీ ఒకే సాధారణ విద్య ఉండాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ సూచించడంతో ఎంపిక పూర్తిగా ఇంటర్మీడియట్‌కు జరిగి, ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అన్న గ్రూపులుగా గట్టిపడింది.

2020 జాతీయ విద్యావిధానం తొమ్మిదో తరగతి నుంచే విద్యార్థులకు పాఠ్యాంశాల ఎంపికలో స్వేచ్ఛ ఉండాలని, కళలకూ విజ్ఞానశాస్త్రానికీ మధ్య గోడలు ఉండరాదని మళ్లీ ప్రతిపాదించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు దానిని ఆచరణలో పెట్టదలచుకుంటే, ఐచ్ఛికాంశాల జాబితాను ప్రకటించడానికి ముందే ప్రతి మండలంలో ఒక్క ఉన్నత పాఠశాలలోనైనా సంగీత, చిత్రకళ, వ్యవసాయ, వృత్తివిద్యా ఉపాధ్యాయులను నియమించాలి, వారికి గదులు, పనిముట్లు సమకూర్చాలి, ఆ పాఠ్యాంశాలను ర్యాంకుల లెక్కకు దూరంగా ఉంచాలి.